మొదటి వంజరం

చెప్పేస్తున్నాను, జలంధర్ అంటే నాకు మొదటి రోజు నుంచీ గిట్టదు. ఇప్పుడు వాడి గురించి మంచిగా మాట్లాడితే మీరు నన్ను మంచివాణ్ణనుకుంటారు. ఆ అవసరం నాకు లేదు.

ఖతర్‌లో, ముఐథర్ అనే చోట మా అరబ్బు ఇంటి వెనక, కార్లు పెట్టే రేకుల షెడ్డు పక్కన, పనివాళ్ళకి ఒక గది ఉండేది. రెండు మంచాలు, ఒక ఏసీ. నేను హౌస్ డ్రైవర్ని. మూడేళ్ళు ఆ గది నా ఒక్కడిదే. తొంభై నాలుగు ఎండాకాలంలో తోటపనికని వీణ్ణి తెచ్చి రెండో మంచం మీద పడేశారు. నిజామాబాద్ జిల్లా, పోచంపాడు డ్యామ్ పక్కన ఏదో ఊరు. వచ్చిన సాయంత్రమే, నేను వండుకున్న పులుసు గిన్నె మూత తీసి ముక్కు మూసుకున్నాడు.

"ఏందన్నా గిది? గింత వాసనొస్తుంది."

"సముద్రం చేపరా అది. మీ చెరువుల్లో దొరికే సరుకు కాదు."

"మాది చెరువు గాదు. డ్యామ్. గోదారి నీళ్లు."

"గోదారి మాదీనూ. మీరు ఆపుకుని మురగబెట్టాక మిగిలింది మాకొదుల్తారు."

వాడు నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. ఆ రాత్రి ఇద్దరం ఒకరికొకరు వీపులు పెట్టి పడుకున్నాం, తర్వాత రెండేళ్ళూ అలాగే పడుకున్నాం.

నా పేరు శ్రీరామమూర్తి. మాది కాకినాడ దగ్గర ఉప్పాడ. తాతల నాటి నుంచీ సముద్రం మీద వలలేసి బతికినవాళ్ళం. నాకు డ్రైవింగ్ అబ్బింది కాబట్టి ఖతర్ వచ్చాను, నా తమ్ముడు గిరి మాత్రం మా నాన్న తెప్ప వదల్లేదు. జలంధర్ వాళ్ళూ చేపలు పట్టేవాళ్ళేనట, బెస్తవాళ్ళు. ఆ మాట వాడు చెప్పినప్పుడు ఒకే కులవృత్తి అని దగ్గర కావాల్సింది పోయి, నాకు ఇంకా ఒళ్ళు మండింది. కదలని నీళ్ళలో పుట్టి పెరిగినవాడికి నాతో సమానంగా మాట్లాడడం ఏమిటి?

మా యజమానిని అందరిలాగే మేమూ బాబా అనే పిలిచేవాళ్ళం. ఆయనకి ఒకటే పిచ్చి, కనద్. అదే, మనం వంజరం అంటామే, ఆ చేప. అక్టోబరు చివర ఉత్తరపు గాలి మొదలై నీళ్ళు చల్లబడితే కనద్ ఒడ్డుకి దగ్గరగా వస్తుంది. ఫిబ్రవరి దాటితే మళ్ళీ కనబడదు. ఆ నాలుగు నెలల్లో ఆయన ఒక్క శుక్రవారం వదిలేవాడు కాదు. తెల్లవారే నమాజు కాగానే మా ఇద్దర్నీ బండెక్కించి, తమ్ముణ్ణి వెంటపెట్టుకుని, అల్ ఖోర్ రేవుకి బయల్దేరేవాడు. పడవ అక్కడుండేది.

ఎర ఉండదు. ప్లాస్టిక్ బొమ్మ చేప. నీలం వీపు, వెండి పొట్ట, గాజు కళ్ళు, పొట్ట కింద మూడేసి ముళ్ళున్న గాలాలు. మూతికి చిన్న రేకు ఉంటుంది, దారం లాగితే అది నీళ్ళలోకి ముక్కు దూర్చి ఊగుతూ ఈదుతుంది. వంజరం పళ్ళకి దారం ఆగదు కాబట్టి చివర జానెడు స్టీలు తీగ. ఆ బొమ్మని పడవ వెనక దూరంగా వదిలి, ఇంజను మెల్లగా తిప్పుకుంటూ, ఎప్పుడు కొరుకుతుందా అని కూర్చోవడమే. మా తాత చూస్తే ఉమ్మేసేవాడు. తిండి పెట్టి పట్టడం వేరు, తిండని నమ్మించి పట్టడం వేరు. ఇంత మోసం మాకు చేతకాదు అని గొణుక్కునేవాణ్ణి, బాబాకి వినబడకుండా.

జలంధర్‌కి ఆ మోసం చేతనైంది. అదీ నా బాధ. మొదటి ఏడాదే ఒక శుక్రవారం ఇంజను పాడై, సముద్రం అడుగున బోనులేసినవాళ్ళు గుర్తుకి కట్టుకున్న డబ్బాల దగ్గర పడవ ఆగిపోయింది. బాబా విసుగుతో గాలం కర్ర వాడి చేతిలో పడేశాడు. వాడు బొమ్మ చేపని డబ్బాల పక్కకి విసిరి, నేను చూడని ఆట ఒకటి మొదలుపెట్టాడు. రెండు సార్లు కుదుపు, ఒకసారి వదలడం. మళ్ళీ కుదుపు, మళ్ళీ వదలడం. నాలుగోసారికి చేప పడింది.

"ఎవడు నేర్పాడ్రా నీకు?" అన్నాను.

"కొర్రమట్టకు గిట్లనే ఆడిస్తం. గాలానికి కప్పను గుచ్చి నీళ్ల మీద ఆడియ్యాలె. గుంజాలె, ఇడువాలె. ఇడిసినప్పుడే తింటది." కొర్రమట్ట అంటే మా కొర్రమీను. వాడికి చేపల మాటొస్తే నోరు ఆగేది కాదు. "వానకాలం పైన్నే ఉంటది. సలికాలం నీళ్లు సల్లవడితె కిందికి దిగుతది. డ్యామ్‌ల మునిగిన ఊర్లున్నయి గద, ఆ గోడల పొంటి ఉంటది. గప్పుడు మెల్లగ ఆడియ్యాలె. సలికాలం చేపకు ఆత్రం ఉండదన్నా."

నేను ఆ మాటలన్నీ బాబాకి అరబిక్‌లో చెప్పాల్సి వచ్చింది. జలంధర్‌కి రెండేళ్ళైనా యల్లా అంటే పద, మాఫీ అంటే లేదు, ఇజాజా అంటే సెలవు, ఇలాంటి ముక్కలు తప్ప భాష పట్టుబడలేదు. తోటలో మొక్కలతో ఏం మాట్లాడతాడు? బాబాకి హిందీ రాదు. ఇద్దరి మధ్యా నేనే నోరు. బాబా విని విని వాడి భుజం తట్టాడు. ఆ రోజు నుంచి పడవలో నా చోటు స్టీరింగు దగ్గర, వాడి చోటు బాబా పక్కన. సముద్రంలో పుట్టినవాణ్ణి నేను, కర్ర పట్టుకునేది వాడు.

తొంభై ఆరు నవంబరులో గోదావరి జిల్లాల మీద తుఫాను పడింది. వార్త తెలిసిన రోజు నుంచీ ఉప్పాడ ఫోను కలవలేదు. తొమ్మిదో రోజు ఎస్టీడీ బూత్ అబ్బాయి ఎత్తాడు. అమ్మని పిలుచుకొచ్చేదాకా రిసీవరు చెవికి నొక్కిపెట్టుకుని నిలబడ్డాను.

"ఇల్లు పోతే పోయింది," అంది అమ్మ. "గిరి ముందు రోజు ఏటకెళ్ళాడురా. ఇంకా రాలేదు."

"ఎతికారా?"

"ఎతికారు. తెప్ప ముక్క దొరికింది. ఆడు దొరకలేదు. అందరూ పోయాడు, పోయాడు, నీళ్ళొదిలెయ్యి అంటన్నారు. నా పెద్దకొడుకు రావాలి, ఆడొచ్చి ఆడి చేత్తో వదిలితేనే నా చిన్నోడు పోయాడని ఒప్పుకుంటాను. అందాకా నీ మరదలి చేతి గాజు ముట్టుకోనియ్యను. అది రోజూ ఒడ్డుకెళ్ళి కూచుంటంది. ఒరే మూర్తీ, బేగొచ్చెయ్యరా."

నేను వస్తానన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలీదు. నా పాస్‌పోర్ట్ బాబా బీరువాలో ఉంది. ఆయన సంతకం లేనిదే దేశం గుమ్మం దాటలేను.

మర్నాడే అడిగాను. బాబా అయ్యో అన్నాడు, దేవుడు ఓర్పు ఇవ్వాలన్నాడు, వేసవిలో వెళ్ళమన్నాడు. కనద్ రోజుల్లో పడవ నడిపేవాడు లేకపోతే ఎలా? రెండు వారాలు రోజూ అడిగాను. ఇది చూసి జలంధర్ కూడా మొదలుపెట్టాడు. వాడు పెళ్ళైన నలభై రోజులకి వచ్చేశాడు. రెండేళ్ళు దాటాయి, ఇక నువ్వు రాకపోతే నేను మా అమ్మగారింటికి పోతానని భార్య ఉత్తరం రాసిందట. ఇద్దర్నీ ఒకేసారి పంపేది లేదు, పంపితే ఒకళ్ళనే అన్నాడు బాబా.

ఆ సాయంత్రం గదిలో తలుపేసి అడిగాను. అడిగాను అంటే అరిచాను.

"మా ఇంట్లో మనిషి పోయాడ్రా! నువ్వు పెళ్ళాం మీద బెంగతో నా దారికి అడ్డం పడతావా? ఒకళ్ళనే పంపుతానంటున్నాడు. నువ్వు ఊరుకో."

"నేనెందుకు ఊకుంట?" వాడు మంచం మీంచి లేవను కూడా లేవలేదు. "నీ తమ్ముడు పోయిండు, పాపం, కాదంటలేను. నా పెండ్లాం సుత పోతది. నువ్వు రెండేండ్లల్ల ఒక్కపారన్న నన్ను మంచిగ పిలిసినవా? ఇయ్యాల నీకు అవసరం వడ్డది, నేను పక్కకు జరగాలె?"

నేను వాడి చొక్కా పట్టుకున్నాను. వాడు నా చెయ్యి విదిలించి అవతల పడేశాడు. తోటపని చేసిన చేతులు, బలంగా ఉన్నాయి. నీ డ్యామ్‌లోనే పడి చచ్చిపో అని తిట్టాను. వాడు ఏసీ పెంచి దుప్పటి కప్పుకున్నాడు.

డిసెంబరు మొదటి శుక్రవారం పడవ రేవు దాటుతుంటే ఇద్దరం ఒకేసారి మళ్ళీ అడిగాం. బాబా తమ్ముడు పకపకా నవ్వాడు. బాబాకి ఆ నవ్వు చూసి హుషారొచ్చింది.

"సరే, వినండి. ఈ ఏడాది ఇంతవరకూ ఒక్క పెద్ద కనద్ పడలేదు. పది కిలోలు దాటిన చేపని ఎవడు ముందు ఈ పడవలో వేస్తే వాడి పాస్‌పోర్ట్ వాడి చేతిలో పెడతాను. రెండోవాడు వేసవిదాకా నోరెత్తకూడదు." తమ్ముడి వైపు తిరిగి, "నువ్వే సాక్షి," అన్నాడు.

ఆయనకది ఆట. నేను జలంధర్‌కి తెలుగులో చెప్పాను, ఒక్క ముక్క తగ్గించకుండా. అప్పటికి ఇంకా నిజాలే చెబుతున్నాను.

ఆ శుక్రవారం ఏమీ పడలేదు. తర్వాతి శుక్రవారం గాలి ఎక్కువై వెళ్ళలేదు. ఆ వారం అమ్మకి ఫోన్ చేస్తే, "ఎప్పుడొస్తన్నావు?" అనే ఒక్క మాటే మూడుసార్లు అడిగి పెట్టేసింది.

మూడో శుక్రవారం తెల్లారేసరికి రాస్ లఫాన్ గ్యాసు ప్లాంటు మంటలు కనబడేంత ఉత్తరానికి వెళ్ళాం. నీళ్ళు చేత్తో ముట్టుకుంటే జివ్వుమన్నాయి. నాకు ఒక దారం ఇచ్చారు, పడవ వెనక వదిలి లాగమని. స్టీరింగు బాబా తమ్ముడు పట్టుకున్నాడు. రెండు గంటలు తిరిగాం. నా దారం కదల్లేదు. జలంధర్ నా వైపు చూడకుండా అన్నాడు, "గీ వేగానికి రాదు. అడుగున ఉన్నది. ఇంజన్ బంద్ జెయ్యుమను."

చెప్పకపోదునేమో. కానీ వాడు అప్పటికే చేత్తో ఆపమని సైగ చేశాడు, బాబా ఆపించాడు. వాడు బొమ్మ చేపని విసిరి, మునగనిచ్చి, చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత ఒక్క కుదుపు. మళ్ళీ చాలాసేపు. నేను ఆ దారాన్ని చూస్తూ దేవుడా పడకూడదు, పడకూడదు అని మొక్కుకుంటున్నాను. జీవితంలో చేప పడకూడదని మొక్కుకున్నది ఆ ఒక్కసారే.

పడింది. కర్ర వంగిపోయింది, దారం చుట్టిన చక్రం గిర్రున తిరిగింది. వాడు తొందరపడలేదు. పది నిమిషాలు పోనిచ్చాడు, తెచ్చాడు, పోనిచ్చాడు. చేప పడవ పక్కకి వచ్చేసరికి నేను అంచు మీదకి వంగి చూశాను. బారెడు చేప. పన్నెండు కిలోలకి ఒక్క గ్రాము తగ్గదు. బాబా కొక్కెం అందుకుని "యల్లా, యల్లా!" అని కేకలు.

జలంధర్ ఆయనకి అడ్డంగా వంగాడు. ఒక చేత్తో స్టీలు తీగ పట్టుకుని, రెండో చేత్తో పటకారు తీసి, చేప నోట్లోంచి గాలం ఊడదీశాడు. దాని తలని అరచేత్తో ఒకసారి తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. పెదాలు కదిలాయి. తర్వాత తోక వదిలేశాడు. చేప ఒక్క క్షణం అక్కడే ఆగి, వెండిలా తిరిగి, కిందికి వెళ్ళిపోయింది.

బాబా కొక్కెం పడవలోకి విసిరికొట్టాడు.

"లేష్? ఎందుకు? అడుగు వాణ్ణి!"

అడిగాను.

"ఎందుకు వదిలావురా?"

"మొదటిది గంగమ్మది," అన్నాడు వాడు తేలిగ్గా, ఇంకా నీళ్ళ వంకే చూస్తూ. "మావోళ్ల కట్టుబాటు. కాలం మొదలైనంక పడ్డ మొదటి పెద్ద చేపను ఆమెకే ఇడుస్తం. రెండోది మనది. గిప్పుడు పడ్తది సూడు. నీకెరుక లేదా, మీ దిక్కు ఇడువరా?"

మా దిక్కూ వదులుతారు. మా నాన్న వదిలేవాడు, గిరి వదిలేవాడు. మొదటి వలలో పడ్డ మంచి చేపని పసుపు రాసి సముద్రంలోకి వదిలి, తల్లీ చల్లగా చూడు అనేవాళ్ళు. గిరి ఏటేటా వదిలాడు. చల్లగా చూసిందా ఆవిడ? నా తమ్ముణ్ణి మింగి ఒక్క ఎముక కూడా ఒడ్డుకి వెయ్యలేదు. ఆవిడకి మళ్ళీ చేప ఎందుకు? నాకు ఆ క్షణంలో గంగమ్మ మీద ఉన్న కోపం, వాడి మీద ఉన్న కోపం, బాబా మీద ఉన్న కోపం అన్నీ ఒకటైపోయాయి.

"ఏమంటున్నాడు?" అన్నాడు బాబా.

ఒక్క మాట చాలు. ఇది వాళ్ళ మొక్కుబడి, దేవుడి పేరున వదిలాడు అంటే చాలు. బాబా అలాంటివాటికి తల వంచే మనిషి. నాకు ఆ మాట అరబిక్‌లో వచ్చు, బాగా వచ్చు.

"నీకు చేపలు పట్టడం నా పని కాదంటున్నాడు," అన్నాను. "తోటపనికి తెచ్చి పడవలో పని చేయిస్తున్నావట. ఇజాజా ఇవ్వకపోతే ప్రతి చేపనీ ఇలాగే నీళ్ళలో పారేస్తానంటున్నాడు."

బాబా ముఖం నల్లబడింది. తమ్ముడి ముందు, తన పడవలో, తన పనివాడు. ఆయన కొట్టలేదు. వాడి చేతిలో కర్ర లాక్కుని నా చేతిలో పెట్టి, వాడికి ముందు మూల చూపించాడు. జలంధర్ ఏమీ అర్థం కానట్టు నా వంక ఒకసారి, ఆయన వంక ఒకసారి చూసి వెళ్ళి కూర్చున్నాడు.

నేను విసిరాను. వాడు చేసినట్టే మునగనిచ్చాను. వాడు చేసినట్టే కుదిపి, వదిలాను. గుంజాలె, ఇడువాలె. ఎంతసేపో కాదు, చెయ్యి ఊడిపోయేంత లాగు తగిలింది. రెండోది మనది అన్నాడు కదా, పడింది. పదకొండు కిలోల చేప. కొక్కెం వేసి లోపలికి లాగుతుంటే బాబా నా వీపు చరిచాడు, ఆయన తమ్ముడు "మబ్రూక్" అని మెచ్చుకున్నాడు. నేను నవ్వాను కూడా. మూలన కూర్చున్నవాడి వైపు తిరక్కుండా నవ్వాను.

ఆదివారం బాబా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కారు నడిపింది నేనే. సోమవారం సాయంత్రం మజ్లిస్‌లోకి, మగవాళ్ళు కూర్చునే హాల్లోకి పిలిచి, రెండు కాగితాలు సోఫా మీద పెట్టాడు. జలంధర్ వీసా రద్దు, బొంబాయి టికెట్టు. బుధవారం మధ్యాహ్నం.

"పొగరున్నవాడు నా ఇంట్లో ఒక్క రోజు ఉండకూడదు," అన్నాడు. "బుధవారం నువ్వే దింపు."

నేను అక్కడే నిలబడ్డాను. నాది కూడా ఇస్తాడనుకున్నాను.

"బాబా, నా పాస్‌పోర్ట్?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. నిజంగానే ఆశ్చర్యంగా. "ఇప్పుడెలా? వాడు పోయాక ఇంట్లో నువ్వొక్కడివే. తోట ఎవరు చూస్తారు, కారు ఎవరు నడుపుతారు? పడవో? కొత్తవాడికి వీసా పెట్టాలి, వాడు రావాలి, నువ్వు పని నేర్పాలి."

"ఎన్నాళ్ళు?"

"నాలుగు నెలలు. ఆరు."

"మీ తమ్ముడి ముందు మాట ఇచ్చారు."

"ఇద్దరున్నప్పుడు ఇచ్చాను," అన్నాడు బాబా. ఖర్జూరాల పళ్ళెం నా వైపు జరిపాడు. "తీసుకో. నీ తమ్ముడి కోసం నేనూ దువా చేస్తాను. మంచి చేప పట్టావు."

ఆ ఖర్జూరం ఎలా మింగానో నాకు గుర్తులేదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. రెండేళ్ళు ఈ గదిలోంచి వాడు పోతే బాగుండునని రోజూ అనుకున్నాను. పంపేశాను. నా నోటితో నేనే పంపేసి, నా కాళ్ళు నేనే కట్టేసుకున్నాను. ఇంటికెళ్ళాల్సింది నేను, వెళ్తున్నది వాడు. థూ, నా బతుకు!

మంగళవారం మధ్యాహ్నం పిల్లల్ని బడి నుంచి తెచ్చేముందు కారులో కూర్చుని అమ్మకి ఉత్తరం రాశాను. బాబా సెలవివ్వలేదు, దుర్మార్గుడు, ఎంత బతిమాలినా వినలేదు, నా కోసం ఆగకుండా బాబాయి కొడుకు చేత నీళ్ళొదిలించండి అని. ఇక్కడి పోస్టు పదిహేను రోజులు. మనిషి చేత పంపి బొంబాయిలో డబ్బాలో వేయిస్తే నాలుగు రోజులు. ఊరికి పోయేవాడు ఎవరి ఉత్తరమైనా కాదనడు, పగవాడిదైనా పట్టుకెళ్తాడు. గల్ఫ్‌లో మనవాళ్ళ మధ్య మిగిలిన మర్యాద అదొక్కటే.

బుధవారం ముఐథర్ నుంచి ఎయిర్‌పోర్ట్ దాకా వాడు నోరు విప్పలేదు. వెనక సీట్లో కూర్చున్నాడు, నేను వాడి డ్రైవర్ని అయినట్టు. ఒక బ్యాగు, తాళ్ళు కట్టిన అట్టపెట్టె. దిగాక పెట్టె దించబోతే నా చెయ్యి తోసేశాడు.

"ఇజాజా," అన్నాడు.

"ఏంటి?"

"ఆ మాట నేను అనలే. గంగమ్మ అన్న. నువ్వు అరబ్బుకు ఇజాజా అని చెప్పినవు. నాకు నాలుగు ముక్కలే వస్తయి గని ఆ ముక్క మంచిగ సమజైతది. పడవలనే సమజైంది."

నేను తల తిప్పుకుని డిక్కీ మూత దించాను.

"నౌకరీ పోయింది. ఊర్లె ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె? దొంగతనం చేసిండనుకుంటరు. అనుకోనీ." పెట్టె భుజానికెత్తుకున్నాడు. "నువ్వు ఇంకోటి ఇను. నీళ్లల్ల మనిషి పోయి దొరకకపోతే, మా డ్యామ్ కాడ మొదటి చేపను వాని పేరు మీద ఇడుస్తం. ఇది తీస్కొని మా మనిషిని ఒడ్డుకియ్యి తల్లీ అని. గిరి అని పేరు చెప్పే ఇడిసిన. నిన్ను జూసి కాదు. నీ మొఖం జూస్తే చేప గాదు, రాయి సుత ఇడువను. నీళ్లల్ల పోయినోన్ని జూసి."

చలిగాలి, టాక్సీల హారన్లు, ట్రాలీల చప్పుడు. నేను ఆ చప్పుడు మధ్య నిలబడి ఏడ్చాను. వాడు ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే అసహ్యించుకునేవాణ్ణేమో. సిగ్గు లేకుండా, అదే ఏడుపులో, జేబులోంచి కవరు తీసి ముందుకు చాపాను.

"మా అమ్మకి. బొంబాయిలో డబ్బాలో వెయ్యి."

వాడు కవరు వంక చూశాడు. తీసుకోడనుకున్నాను.

"ఏం రాసినవు? ఎందుకు వస్తలేనని రాసినవు?"

"బాబా పంపలేదని."

"గది రాస్తె నేను తీస్కపోను. ఎందుకు పంపలేదో రాయి. నువ్వు ఏం జేసినవో రాయి. గప్పుడు తీస్కపోత."

"ఫ్లైటు టైమవుతుందిరా."

"గందుకే జల్ది రాయి."

కారు బానెట్ మీద కవరు చింపి కాగితం పరిచాను. ఇంజను వేడికి ఇనుము కాలుతోంది, అరచెయ్యి ఆనించలేకపోయాను. కింద మిగిలిన జాగాలో రాశాను. 'అమ్మా, నాతో ఉన్నవాడి మీద యజమానికి అబద్ధం చెప్పాను. అందుకే వాడు వస్తున్నాడు, నేను రాలేకపోయాను. వాడు మన గిరి పేరున చేప వదిలాడు. గంగమ్మకి వదిలానన్న వాడి మాట నేను దాచాను.' కాగితం ఇచ్చాను. వాడు పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు.

"మీ అమ్మకు సదువొస్తదా?"

"రాదు."

"మరి ఎవలు సదువుతరు?"

"మా మరదలు," అన్నాను. "గిరి భార్య."

అనేశాకే నాకు తట్టింది. రోజూ ఒడ్డున కూర్చునే పిల్ల ఆ కాగితం తీసి, మా అమ్మ ముందు కూర్చుని, తన మొగుడి పేరున వదిలిన చేప సంగతి, నేను దాచిన సంగతి, తన నోటితో పైకి చదవాలి. ఆ వాక్యాలు కొట్టెయ్యాలని చెయ్యి చాపాను.

"ఇటియ్యి, ఒక్క నిమిషం. జలంధర్! ఇటియ్యరా!"

వాడు అప్పటికే పెట్టె మోసుకుంటూ అద్దాల తలుపు దాటి లోపలికి వెళ్ళిపోయాడు. పాస్‌పోర్ట్ లేని నన్ను తలుపు దగ్గర పోలీసు ఆపేశాడు.